వ్యాపార విద్యాలయము: విద్యాలయమా, ఉద్యోగముల అంగడియా?

నేడు మన కుటుంబములలో పట్టపరీక్ష ముగించిన పిల్లలను "ఇకమీదట ఏమి చదువుదురు?" అని యడిగినచో, మిక్కిలి తరచుగా వినవచ్చు సమాధానము ఎం.బి.ఏ. అనునదే. ఇంజనీరింగు చదివినవారును, వాణిజ్యశాస్త్రము చదివినవారును, చరిత్ర చదివినవారును తుదకు ఆ వాకిటికే చేరుచున్నారు. దానికై తల్లిదండ్రులు కూడబెట్టినది తీయుచున్నారు. చాలనిచో బ్యాంకులో అప్పు చేయుచున్నారు. ఇంత ధనమును, ఇంత ఆశయు ధారవోయుచున్న ఆ విద్య ఎట్టిది, ఎందులకు పుట్టినది, పుట్టిన ప్రయోజనమును నెరవేర్చుచున్నదా యని విచారించుట మనకు అవసరము.

సాంస్కృతిక సంచికలో వ్యాపార విద్యను గూర్చిన వ్యాసమేల యని కొందరు శంకింపవచ్చును. ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా నిలిచిన మనకు వర్తకమును సంస్కృతిలోని భాగమే. బరంపురములో కోమట్ల అంగళ్లు, దేవాంగుల మగ్గములు, షోలాపురములో పద్మశాలీల నేతశాలలు, బెంగుళూరు, చెన్నపట్టణములలో మనవారి దుకాణములు - వీని ఆదాయముతోనే మన వీథులలో బడులు, భజనమందిరములు, గ్రంథాలయములు నిలిచినవి. 1936లో గంజాము మద్రాసు రాజధానినుండి విడివడి ఒడిస్సాలో చేరినప్పుడు రాజభాష మారినది గాని, బజారులో తెలుగు లెక్కపుస్తకము వెంటనే మూతపడలేదు. కనుక వ్యాపారమును నేర్పెదమను విద్యాలయమును గూర్చి ఒక మాట చెప్పు హక్కు మనకు కలదు.

ఈ వ్యాసకర్త మెట్రిక్యులేషను వరకే చదివినవాడు. ఒక వర్తక సంస్థ కార్యాలయమున ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా లెక్కలు వ్రాసి విరమించినవాడు. ఆ విద్యాలయముల గడప త్రొక్కలేదు. కాని అచ్చట చదివివచ్చిన అధికారుల క్రింద పనిచేసి, వారి ఉత్తరువులకు శుభ్రప్రతులు వ్రాసియున్నాడు. వండినవానికే కాక తినినవానికిని రుచిని గూర్చి చెప్పు అధికారము కలదు గదా!

పుట్టుపూర్వోత్తరములు

విశ్వవిద్యాలయమున వర్తకమునకు పీట వేసిన విద్యాలయములలో మొదట పేర్కొనదగినది అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 1881లో నెలకొన్న వార్టన్ పాఠశాల. ఇనుము, నికెలు పరిశ్రమలలో ధనము గడించిన జోసెఫ్ వార్టన్ దానమిచ్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున దానిని స్థాపింపజేసెను. పిమ్మట 1908లో హార్వర్డు విశ్వవిద్యాలయము తన వ్యాపార విద్యాలయమును తెరచినది. దానికి మొదటి డీను ఎడ్విన్ గే. ఆయన వర్తకుడు కాడు, ఆర్థిక చరిత్రకారుడు. వైద్యునకును, న్యాయవాదికిని శిక్షణమును వృత్తిధర్మమును ఉన్నట్లే, పరుల సొమ్మును పరుల శ్రమను చేతిలో నుంచుకొని పనిచేయు వ్యాపార నిర్వాహకునకును ఉండవలెనని ఆ కాలపు పెద్దల ఉద్దేశము. న్యాయకళాశాలలో పాత తీర్పులను చర్చించి ధర్మసూక్ష్మములను బోధించునట్లు, నిజముగా నడచిన వ్యాపారముల వృత్తాంతములను తరగతిలో చర్చించి నేర్పు 'కేసు పద్ధతి'ని హార్వర్డువారు పెంపొందించిరి.

ఐనను పండితుల నడుమ ఈ విద్యాలయములకు గౌరవము వెంటనే దొరకలేదు. 1959లో ఫోర్డు, కార్నెగీ సంస్థల పోషణమున వెలువడిన రెండు నివేదికలు, అమెరికాలోని వ్యాపార విద్య మిక్కిలి పలుచనైనదనియు, దానికి శాస్త్రబలము లేదనియు విమర్శించినవి. అటుపై గణితము, అర్థశాస్త్రము, మానవ ప్రవర్తన శాస్త్రము ప్రవేశించి పాఠములకు గట్టిదనము వచ్చినది. అయితే ఒక లోపమును దిద్దబోయి వేరొక లోపమును తెచ్చుకొనిరి. ఈ విద్యాలయములు తమ్ము భౌతికశాస్త్ర విభాగములుగా ఎంచుకొని, తాము నేర్పవలసినది ఒక వృత్తి యను సంగతి మరచినవని 2005లో వారెన్ బెన్నిస్, జేమ్స్ ఓటూల్ అను ఇద్దరాచార్యులు వ్రాసిరి. వైద్యకళాశాలలో బోధించువాడు ప్రొద్దుట రోగులను చూచి, మధ్యాహ్నము పాఠము చెప్పును. వ్యాపార విద్యాలయమున బోధించువారిలో పెక్కురు ఒక చిన్న దుకాణమునైనను నడపి యెరుగరు.

మన దేశమున 1913లో బొంబాయిలో వెలసిన సిడెన్‌హాం కళాశాల వాణిజ్యవిద్యకు త్రోవ తీసినది. నిర్వహణ విద్యకు ప్రత్యేకముగా 1961లో కలకత్తాలోను, అహమ్మదాబాదులోను ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు సంస్థలు ఏర్పడినవి. మొదటిదానికి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమును, రెండవదానికి హార్వర్డును తోడ్పడినవి. 1973లో బెంగుళూరు సంస్థ ప్రభుత్వరంగ పరిశ్రమలకు నిర్వాహకులను తయారుచేయు ముఖ్యోద్దేశముతో వెలసినది. 1979లో గుజరాతులోని ఆనంద్‌లో వర్గీస్ కురియన్ పాల సహకార సంఘములవంటి గ్రామీణ సంస్థలకై వేరొక విద్యాలయమును స్థాపించెను. ఈ స్థాపనలన్నిటను ఒక్క సంకల్పమే కనబడును: పేద దేశమున కొద్దిపాటి వనరులను సమర్థముగా వాడి పదిమందికి మేలు చేయగలవారు కావలెను.

ఆ సంకల్పము వట్టి మాట కాదనుటకు నిదర్శనము రవి మత్థాయి. 1965లో అహమ్మదాబాదు సంస్థకు మొదటి పూర్తికాలపు డైరెక్టరైన ఆయన, 1972లో తనంతట తాను ఆ పదవిని విడిచి, అదే సంస్థలో సామాన్య ఆచార్యుడుగా కొనసాగెను. పిమ్మట 1975లో రాజస్థానమున అజ్మీరు జిల్లాలోని జవాజా ప్రాంతమునకు పోయి, అచ్చటి నేతపనివారు, తోలుపనివారు తమ సరకును తామే రూపొందించి, తామే వెలకట్టి, తామే అమ్ముకొనగలుగునట్లు నేర్పు ప్రయత్నమునకు పూనుకొనెను. బీదసాదలకు దానమిచ్చుట కాదు, వారికి నిర్వహణ విద్య నేర్పుట ఆయన తలపెట్టిన పని. మగ్గముల చప్పుడు విని పెరిగిన బరంపురమువారికిని, షోలాపురమువారికిని ఈ వృత్తాంతము యొక్క విలువను వేరుగ వివరింపనక్కరలేదు. దేశములో నేడు ఇట్టి సంస్థలు ఇరువదికి పైగా ఉన్నవి. మనకు చేరువలోనే సంబలపురమున ఒకటి, విశాఖపట్టణమున ఒకటి 2015లో వెలసినవి. సంఖ్య పెరిగినది, జవాజా దారిని నడచినవారు మాత్రము అరుదు.

గుణములు

విమర్శ యనగా తప్పులెన్నుట మాత్రమే కాదు. ఈ విద్యవలన కలిగిన మేలును ముందుగా ఒప్పుకొనవలెను.

మన పాత వర్తకవిద్య గొప్పదే. చిట్టా, ఆవర్జా, రోకడి పుస్తకములను పైసా తేడా లేకుండ సరిచూచుట, మనిషి ముఖము చూచి అరువు ఇయ్యదగునో కాదో తెలిసికొనుట మనవారికి వెన్నతో పెట్టిన విద్య. కాని ఆ విద్య తండ్రినుండి కొడుకునకు, మేనమామనుండి మేనల్లునకు మాత్రమే పోయినది. ఆ కులమున పుట్టనివానికి దక్కలేదు. ఆ యింట పుట్టిన ఆడుబిడ్డకును దక్కలేదు. పెద్దాయన కన్నుమూసిన వెంటనే లెక్కలు తెలియక, అన్నదమ్ములకు పొత్తు కుదరక మూతపడిన అంగళ్లు ప్రతి వీథిలోను కలవు. వ్యాపార విద్యాలయము ఆ మూసిన తలుపును తెరచినది. గుమాస్తా కూతురు, నేతపనివాని కొడుకు పరీక్ష వ్రాసి లోనికి పోగలిగిరి. ఇది స్వల్పమైన మేలు కాదు.

వేరొక గుణము ప్రశ్నించు అలవాటు. మా కార్యాలయమునకు ఒకప్పుడు పేరుగల విద్యాలయమునుండి ఒక యువకుడు అధికారిగా వచ్చెను. చిన్న ఖాతాదారులకు అరువిచ్చుటవలన వచ్చు లాభముకంటె వారి లెక్కలు వ్రాయుటకగు ఖర్చే హెచ్చని ఆయన పట్టిక వేసి చూపెను. పట్టికలో తప్పు లేదు. ఆ యంకెలు ఎత్తి యిచ్చినది నేనే. ఆ ఖాతాలను మూసివేయుటకు ఉత్తరువు సిద్ధమయ్యెను. అప్పుడు మా హెడ్ గుమాస్తాగారు, "బాబుగారూ, సంతకము చేయుటకు ముందు ఒక్క సంతనాడు మాతో కౌంటరులో కూర్చుండుడు" అని కోరిరి. ఆయన కూర్చుండెను. ఒక్కొక్క చిన్న ఖాతాదారుడు వెంట ఇద్దరు ముగ్గురు రొక్కపు బేరగాండ్రను తీసికొనివచ్చుట చూచెను. పెద్ద ఖాతాదారులు నెలలు గడపుచుండగా వీరు వాయిదా తప్పకుండుట చూచెను. ఉత్తరువును మానుకొని, ఆ లెక్కలు వ్రాయు విధానమును మార్చెను. నాలుగు పుస్తకములలో ఎక్కించుచుండిన పద్దు ఒక్క పుస్తకమునకు తగ్గెను. ఖర్చు తగ్గెను, ఖాతాదారులును నిలిచిరి. నాలుగు పుస్తకములేల యను ప్రశ్న అంతవరకు మాలో ఎవరికిని తట్టలేదు. దానిని తట్టించినది ఆ యువకుని చదువు. ఖాతాలు మూయరాదని తెలిపినది కౌంటరు. ఈ రెండును కలిసినప్పుడే వ్యాపార విద్య సంపూర్ణమగును.

లోపములు

మొదటి లోపము కౌంటరు లేకుండుటయే. కేసు పద్ధతి మంచి పద్ధతి. కాని ఒక్క కూలివానికైనను స్వయముగా కూలి లెక్కకట్టి యియ్యని విద్యార్థి, ఒకటిన్నర గంటలో ఒక కర్మాగారమును మూయుటయో, ఉంచుటయో తేల్చివేయును. కాగితముమీద మూసిన కర్మాగారమునుండి ఎవరి యేడుపును వినబడదు. ఈ తేలికతనము అలవాటై, నిజమైన అధికారపీఠముమీద కూర్చున్నప్పుడును పోకున్నచో అది అపాయకరము.

రెండవది ధర్మమునకు సంబంధించినది. సంస్థ అధికారికి ఉన్న యొక్క బాధ్యత వాటాదారుల లాభమును పెంచుటయే యను సిద్ధాంతము ఈ విద్యాలయములలో బహుకాలము పాఠమైనది. లండను వ్యాపార విద్యాలయ ఆచార్యుడును, కలకత్తాలో పుట్టినవాడును అయిన సుమంత్ర ఘోషాల్ దీనిని గట్టిగా ఖండించెను. ఇట్టి సిద్ధాంతములు బోధించి విద్యార్థులను నైతిక బాధ్యతనుండి విముక్తులను చేయుచున్నామని ఆయన వ్రాసిన వ్యాసము, 2004లో ఆయన గతించిన తరువాత 2005లో వెలువడినది. అమెరికాలోని ఎన్రాన్ కంపెనీ 2001లో కూలిపోయినప్పుడు, దానిని నడపినవారిలో ముఖ్యుడైన జెఫ్రీ స్కిల్లింగు హార్వర్డు ఎం.బి.ఏ. అని లోకము గుర్తించినది. మన దృష్టాంతము ఇంకను చేరువలోనిది. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్స్ సంస్థ అధిపతి రామలింగరాజు, ఏండ్ల తరబడి లెక్కలను తారుమారు చేసితినని లేఖ వ్రాసెను. ఆయనయు అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయమున ఎం.బి.ఏ. చదివినవాడు. ఆ సంస్థ బోర్డులో హార్వర్డు వ్యాపార విద్యాలయ ఆచార్యులొకరును, హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీనుగారును డైరెక్టర్లుగా ఉండి, 2008 డిసెంబరులో రాజీనామా ఇచ్చిరి. ఆ మోసములో వారికి పాలు కలదని నేననుట లేదు. నిర్వహణ విద్యకు పెద్దలైనవారు బల్లచుట్టు కూర్చున్నను, బ్యాంకులో లేని సొమ్ము లెక్కలో ఉన్నట్లు ఏండ్లకొలది చెల్లిపోయినదే, ఆ విద్య నేర్పినదేమి యని మాత్రము అడుగుచున్నాను. బ్యాంకు పుస్తకమును, మన పుస్తకమును నెలకొకమారు సరిచూడవలెనన్నది గుమాస్తా ఉద్యోగములో చేరిన మొదటి నెలలోనే నేర్చు పాఠము.

హార్వర్డు విద్యార్థులు కొందరు 2009లో, వైద్యుల ప్రమాణమువంటి ప్రమాణమును తాము చేయుదుమని ముందుకు వచ్చిరి. ఉద్దేశము మంచిదే. కాని ప్రమాణము తప్పిన వైద్యుని పట్టికనుండి తొలగించుటకు అధికార మండలి కలదు. ప్రమాణము తప్పిన నిర్వాహకుని తొలగించు మండలి లేదు. అడుగువాడు లేని ప్రమాణమునకు బలమెక్కడిది?

మూడవ లోపమే తక్కిన లోపములకు మూలమని నా తలంపు. అది జీతమునుబట్టి విద్యకు వెలకట్టుట. 1988 నుండి అమెరికాలోని ఒక వ్యాపార పత్రిక ఈ విద్యాలయములకు వరుస సంఖ్యలు వేయ మొదలిడినది. ఆ వేలంవెఱ్ఱి మన దేశమునకును ప్రాకినది. ఫలాన కళాశాలలో ఫలాన విద్యార్థికి ఇన్ని లక్షల జీతము దొరకెనని పత్రికలలో నిండు పుట ప్రకటనలు చూచుచున్నాము. ఆ యంకెలను గుమాస్తా కంటితో చూడుడు. పదిమంది విద్యార్థులలో ఒకనికి ఏటికి ముప్పది లక్షలును, తొమ్మిదిమందికి తలకు మూడేసి లక్షలును దొరకినవనుకొందము. సగటు జీతము 5 లక్షల 70 వేలని ప్రకటించవచ్చును. అది అసత్యము కాదు. కాని ఆ సొమ్ము పదిమందిలో ఒక్కనికిని దొరకలేదు. అదే వరుసలో నడిమివాని జీతమెంత యని యడిగిన, మూడు లక్షలు! ప్రకటనలో మొదటి సంఖ్య పెద్ద అక్షరములతో నుండును. రెండవ సంఖ్యను అడిగి తెలిసికొనవలెను.

ఫీజుల మాట చెప్పనక్కరలేదు. ప్రభుత్వము స్థాపించిన అహమ్మదాబాదు సంస్థలోనే రెండేండ్ల చదువునకు ఇరువది లక్షలు మించినది. అచ్చట చదివినవారు తీర్చుకొనగలరేమో. తక్కువ తరగతి కళాశాలలో పది లక్షలు అప్పుచేసి చదివినవాని గతి యేమి? నూటికి పది వడ్డీ చొప్పున ఏడేండ్లలో తీర్పవలెనన్న నెలకు సుమారు 16,600 రూపాయల వాయిదా పడును. తుదకు కట్టునది దాదాపు 13 లక్షల 94 వేలు. చదువుకొను కాలపు వడ్డీ దీనికి అదనము. నెలకు ఇరువదియైదు వేల ఉద్యోగము దొరకినవానికి ఇంటి అద్దెకును, అన్నమునకును మిగులునది 8,400. ఇట్టివాడు తనకు నచ్చిన పనిని గాని, సొంత దుకాణమును గాని తలపెట్టగలడా? పైయధికారి తప్పుడు లెక్కమీద సంతకము చేయుమనినప్పుడు కాదనగలడా? అప్పు మనిషి ధైర్యమును తినివేయును. ధర్మమును గూర్చి ఒక పాఠము చెప్పి, ధర్మమున నిలువలేనంత అప్పును నెత్తికెత్తి పంపుట విద్యాలయమునకు తగునా?

చిన్న కళాశాలల సంగతి మరియు శోచనీయము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వము ఫీజును తిరిగి చెల్లించు పథకము వచ్చిన తరువాత ఎం.బి.ఏ. కళాశాలలు వానకాలపు పుట్టగొడుగులవలె లేచినవి. పిమ్మట విద్యార్థులు చాలక పెక్కు మూతపడినవి. ఇతరులకు వ్యాపార నిర్వహణ నేర్పెదమని బయలుదేరినవారు తమ వ్యాపారమునే నడుపుకొనలేకపోయిరి.

నాలుగవది మనకు ప్రత్యేకముగా తగులు లోపము. బరంపురపు వర్తకుడు ఇంట తెలుగును, బజారున ఒడియాను, ఉత్తరాది బేరగానితో హిందీని మాటలాడును. షోలాపురమున మరాఠీ, కన్నడములు అదనము. ఇది బహుమూల్యమైన వ్యాపార సంపత్తి. వ్యాపార విద్యాలయము దీనిని లెక్కలోనికి తీసికొనదు. అచ్చటి పాఠములన్నియు ఇంగ్లీషున నుండును. దృష్టాంతములు చాలవరకు పెద్ద కంపెనీలవి. రెండేండ్లు చదివివచ్చిన కుమారుడు తాతగారి చిట్టాను చదువలేడు. చదువలేనందుకు చింతింపడు కూడ.

వ్యాపార విద్యాలయములు లేని కాలమునను మనవారు సంస్థలను కట్టిరి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు వైద్యులు. 1923లో బందరున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. బెంగుళూరులో వైశ్యప్రముఖులు 1930లో వైశ్యా బ్యాంకును నెలకొల్పిరి. మొదటిది 2020లో యూనియన్ బ్యాంకులోను, రెండవది చేతులు మారి 2015లో కోటక్ మహీంద్రాలోను కలిసిపోయినవి. వీని పుట్టుక, పెరుగుదల, విలీనము మన పిల్లలకు చెప్పదగిన వ్యాపార పాఠములు. హార్వర్డువారు వచ్చి వ్రాయుదురని మనము వేచియుండరాదు.

చేయదగిన పని

వ్యాపారము లాభము కొరకే గదా, దానికి ఇంత ధర్మవిచారణ యేల యని కొందరందురు. లాభము వలదని ఎవరును అనరు; లాభము లేని అంగడి ఆరు నెలలలో మూతపడును. కాని నమ్మకము లేని అంగడియు మూతపడునని మన పెద్దలకు తెలియును. లాభమును లెక్కించుట నేర్పి, నమ్మకమును లెక్కింపకుండుట సగము చదువు. ఇంకొక సంగతి. నివేదికలు, పట్టికలు వ్రాయుట ఇంతవరకు ఈ చదువునకు అన్నము పెట్టిన పని. 2022 చివరనుండి లోకమునకు అందిన కృత్రిమ మేధాయంత్రములు ఆ పనిని నిమిషములలో చేయుచున్నవి. ఇక మనిషికి మిగులునది మంచిచెడ్డల నిర్ణయము, ఆ నిర్ణయమునకు జవాబు చెప్పుకొనుట. విద్యాలయములు ఎన్నడో నేర్పవలసినది ఇదియే. ఇప్పుడు నేర్పక తప్పదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. కళాశాలలో చేర్చుటకు ముందు నాలుగు ప్రశ్నలడుగుడు. పై జీతమెంత యని కాక, వరుసలో నడిమివాని జీతమెంత? ఉపాధ్యాయులలో స్థిరముగా నున్నవారెందరు, వారిలో ఏ సంస్థనైనను నడపిన అనుభవము గలవారెందరు? విద్యార్థి ఏటికి ఎన్ని దినములు నిజమైన అంగడిలోనో, కర్మాగారములోనో పనిచేయవలెను? కట్టవలసిన వాయిదా, రాదగిన జీతములో ఎన్నవ వంతు? ఈ నాలుగింటికి సూటిగా సమాధానము చెప్పని కళాశాలకు ఎంత పెద్ద కట్టడమున్నను మీ కష్టార్జితమును అప్పగింపకుడు.

మన తెలుగు సంఘములకు వేరొక మనవి. ప్రతి యూరిలోను యాబదియేండ్లు నిలిచిన దుకాణములు, మగ్గములు, సహకార సంఘములు కలవు. నిలువలేక పోయినవియు కలవు. ఎం.బి.ఏ. చదువుచున్న మన పిల్లలను వేసవి సెలవులలో వాని యొద్దకు పంపి, ఆ వృత్తాంతములను లెక్కలతో సహా తెలుగున వ్రాయింపుడు. మంచి వ్యాసమునకు సంఘము బహుమతి నీయవచ్చును. ఏటేట ఇట్టి సంచికలో ప్రకటింపవచ్చును. దీనికి పెద్ద ద్రవ్యమక్కరలేదు. పిల్లలకు కౌంటరు దొరకును. ముసలి వర్తకులకు తమ అనుభవమును అందుకొను చేయి దొరకును. మన భాషకు కొత్త పని దొరకును.

వ్యాపార విద్యాలయములు మూయవలెనని ఈ వ్యాసము చెప్పుట లేదు. అవి పుట్టినప్పటి సంకల్పమును మరల తలచుకొనవలెనని చెప్పుచున్నది. అడిగిన వెలకు ఉద్యోగము నమ్ము స్థలము అంగడి యగును. సొమ్ము, శ్రమ, నమ్మకము ఈ మూడింటికిని లెక్క చెప్పగల మనిషిని తయారుచేయు స్థలము విద్యాలయమగును. మన బిడ్డలను పంపునది ఈ రెండింటిలో దేనికో తెలిసికొని పంపుట మన విధి.